తన గట్టు తాను చెప్పుకోని ఊరు

నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని, కొట్టివేతలు ఉండవని ఆ పని నాకిచ్చారు. నలుగురిలో నోరు విప్పాల్సిన అవసరం రాదని నేను ఒప్పుకున్నాను. అవసరం వచ్చింది. చేతిరాత బాగున్నంత మాత్రాన రాసినది బాగుండదని కూడా అక్కడే తెలిసింది.

నర్సీపట్నంలో మా రెవెన్యూ డివిజన్ ఆఫీసులో నాలుగేళ్ళు కాంట్రాక్టు మీద పనిచేశాను. కాంట్రాక్టు అయిపోయింది, వచ్చేశాను. ముప్పై నిండకుండానే రిటైరైపోయావని మా చెల్లి వెక్కిరిస్తుంది. శాలువా, సన్మాన పత్రం ఏమీ లేవు గానీ, చివరి రోజు అందరూ కలిసి టీ, ఉల్లిపాయ పకోడీ తెప్పించారు. ఎవరో ప్రసంగం చెయ్యమన్నారు. నేను పకోడీ నోట్లో పెట్టుకుని తప్పించుకున్నాను.

మొన్న, ఇప్పుడు నా కుర్చీలో కూర్చున్న అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, హద్దుల కాలమ్‌లో ఏం రాయాలి?" అని అడిగింది. అర నిమిషంలో చెప్పేయాల్సిన జవాబు. నాకు రాలేదు. "రాసి పంపిస్తాను" అన్నాను. అలాంటి కుర్చీల్లో కొత్తగా కూర్చుంటున్న మీ అందరికీ కూడా పనికొస్తుందని దీన్ని కాస్త పెద్దగానే రాస్తున్నాను.

కృష్ణదేవిపేట దాటాక కొండలు మొదలవుతాయి. పూర్వం ఎప్పుడో ఎవరో ఆ కొండల చుట్టూ ఒక గీత గీసి, రాళ్ళు పాతి, లోపలున్నదంతా అడవి అన్నారు. లోపల ఊళ్ళున్నాయని, చోడి చేలు, అంటే రాగి చేలున్నాయని, చనిపోయినవాళ్ళ కోసం నిలబెట్టిన రాళ్ళున్నాయని ఆ గీత గీసినవాళ్ళు పట్టించుకోలేదు. ఆ తర్వాత తరాల తరబడి అక్కడివాళ్ళు తమ నేల మీదే దొంగల్లా బతికారు. అడవి నేల మీద హక్కులిచ్చే చట్టం వచ్చాక "ఇది మాది, ఆ గీత కన్నా ముందు నుంచీ మాదే" అని దరఖాస్తు పెట్టుకునే వీలొచ్చింది. ఊరి సభ తీర్మానం చేసి పంపుతుంది. మేము వెళ్ళి చూసి, కొలిచి, రాసుకొచ్చి కమిటీ ముందు పెడతాం. రాసుకొచ్చేది నేను.

నాతో వచ్చేవాళ్ళలో ముగ్గురి గురించి చెప్పాలి. మొదటివారు మా సీనియర్ అసిస్టెంట్ గారు. రిటైర్మెంటుకి రెండేళ్ళుంది. కళ్ళద్దాలు తాడుతో మెడకి వేలాడుతుంటాయి, అయినా రోజుకి రెండుసార్లు వాటి కోసం వెతుకుతారు. కోపమొచ్చినా, ముద్దొచ్చినా నన్ను "అమ్మడూ" అనే పిలిచేవారు. ఏ అమ్మడో గొంతుని బట్టి పోల్చుకోవాలి. రెండో ఆయన అటవీ శాఖ బీటు ఆఫీసరు. యలమంచిలి వైపు మనిషి, నా వయసువాడే. దేనికైనా ముందు కాదంటాడు, ఆ తర్వాత ఆలోచిస్తాడు. జేబులో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఎప్పుడూ ఉండేవి, అందరికీ పెట్టేవాడు. మూడో ఆయన సర్వేయరు. పెళ్ళి కుదిరి ఉండటం వల్ల కొలత మిషను చేతిలోనూ, ఫోను చెవిలోనూ ఉండేవి.

ఆ ఊరికి మొదటిసారి వెళ్ళింది చలికాలంలో. జీపు ఆగిన చోటి నుంచి గంటన్నర నడక. ఇరవై ఇళ్ళు కూడా లేని ఊరు. బడి అరుగు మీద మమ్మల్ని కూర్చోబెట్టి, ఊరంతా ఎదురుగా నేల మీద కూర్చుంది. వాళ్ళ పెద్దాయన సన్నగా, పొట్టిగా ఉన్నాడు. ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని, దాని కిందనుంచి మమ్మల్ని చూసి నవ్వుతున్నాడు.

సీనియర్ గారు అలవాటైన ప్రశ్న అడిగారు. "పెద్దాయనా, మీ భూమి హద్దులు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా? నాలుగు దిక్కులూ చెప్పు."

పెద్దాయన తల దించుకుని నవ్వాడు. వెనకాల ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

"సెప్పండి, బేగి. నాలుగింటికల్లా దిగిపోవాలి మేము," అన్నాడు బీటు ఆఫీసరు.

పెద్దాయన ఎదురుగా ఉన్న కొండకేసి గడ్డం ఎత్తి చూపించాడు. "ఆలనడగండి బాబూ."

ఎదురు కొండ మీద ఇంకో ఊరుంది. ఈ ఊరి కొండకీ ఆ ఊరి కొండకీ మధ్య ఒక రిడ్జి, అంటే సన్నటి కొండ వెన్ను.

"మీ భూమి సంగతి ఆళ్ళని అడగడమేటి? మీకు తెల్దా?" అన్నాడు బీటు ఆఫీసరు.

"ఎందుకు తెల్దు? తెలుసు."

"తెలిస్తే సెప్పు మరి!"

మళ్ళీ నవ్వు. మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ అంతే. సీనియర్ గారు నుదురు రుద్దుకుని, "రాసుకో అమ్మడూ" అన్నారు.

"ఏం రాయమంటారు సార్?"

"ఏం జరిగిందో అదే రాయి."

నేను రాశాను. "హక్కుదారులు తమ భూమి హద్దులు చెప్పలేకపోయారు." ముత్యాల్లాంటి అక్షరాలు. రాసి, దాన్ని ఒకసారి మురిపెంగా చూసుకున్నాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

నాకు డైరీ రాసే అలవాటు ఏడో తరగతి నుంచీ ఉంది. బయట మాట్లాడని మాటలన్నీ అందులో ఉంటాయి. ఆ రోజు ఇంటికొచ్చి ఇలా రాసుకున్నాను: "ఈ రోజు ఒక ఊరు ఊరంతా సిగ్గుపడటం చూశాను. మీ భూమి ఎక్కడి దాకా అని అడిగితే పెద్దాయన నవ్వి, ఎదురు కొండకేసి గడ్డం చూపించి, ఆలనడగండి అన్నాడు. పెళ్ళిచూపుల్లో నా పేరు అడిగితే నేను అమ్మ వైపు చూసినట్టు."

ఒకే రోజు, ఒకే చెయ్యి. ఫైల్లో ఒక మాట, డైరీలో ఒక మాట. రెండింటికీ మధ్య ఎంత దూరం ఉందో నాకు అప్పుడు తట్టలేదు.

వేసవి మొదట్లో కమిటీ నిర్ణయాలు వచ్చాయి. ఆ ఊరి దరఖాస్తు తిరస్కరణ కట్టలో ఉంది. కారణం అన్న చోట నా వాక్యమే, ఒక్క అక్షరం మారకుండా. పెద్ద కట్టలో ఒక సన్నటి ఫైలు. నేనే తాడు కట్టాను.

వారం తిరక్కుండా పెద్దాయన ఆఫీసుకొచ్చాడు. కొండ దిగి, షేర్ ఆటోలు మారి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కాగితంతో వరండా బెంచీ మీద కూర్చున్నాడు. ఎండాకాలంలో కూడా ఆ టోపీ తియ్యలేదు. సీనియర్ గారు సెలవులో ఉన్నారు. నేను బయటికి వెళ్ళాను.

"ఇందులో ఏటుందో సదివి సెప్పమ్మా," అన్నాడు.

చదివాను. హద్దులు చెప్పలేకపోయారు అన్న చోటికి వచ్చాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"సెప్పలేకపోనారని ఎవులు రాసేరు?"

"నేనే, తాతా."

ఆయనకి కోపం రాలేదు. ఆశ్చర్యపోయాడు. అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది. "నువ్వు ఆ రోజు అక్కడే ఉన్నావు గదమ్మా. నీ ఎదరే గదా సెప్పేను, ఆలనడగండని."

"ఎదుటి ఊరివాళ్ళని మీ భూమి గురించి ఎందుకడగాలి?"

పెద్దాయన బెంచీ మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "నా గట్టు నాను సెప్పుకోకూడదమ్మా. సెప్పుకుంతే, నా నోరు నా కడుపు మాటే సెప్తాది గదా. పక్కోలు సెప్పాల. ఆల గట్టు నాను సెప్తాను. మా తాతల నాటి నుంచీ కట్టుబాటు అంతే. మీరొచ్చి అందరి ముందరా నీ గట్టు నువ్వే సెప్పుకో, సెప్పుకో అంటంటే మాకు నవ్వొచ్చింది."

"మరి ఆ మాట ఆ రోజే అనొచ్చు కదా తాతా!"

"అడిగేరేటి? హద్దులేటని అడిగేరు. మీ కట్టుబాటేటని ఒక్కలు అడగనేదు."

నేను ఆయన పక్కన బెంచీ చివర కూర్చున్నాను. ఆఫీసు వేళలో నేను అలా బయట కూర్చోవడం అదే మొదటిసారి.

వానలు పడగానే అటవీ శాఖవాళ్ళు ఆ ఊరి కిందున్న వాలులో కందకాలు తవ్వి మొక్కలు నాటుతారట. ఆ సంగతి ఆయనకి అప్పటికే తెలిసింది. "సోడి సేను పోతాది. పోతే పోనీ, ఇంకోకాడ తిప్పలు పడతాం. మా అమ్మ రాయి కూడా ఆ వాలులోనే ఉందమ్మా. ఊరందరి అమ్మలయీ అక్కడే ఉన్నాయి. గొయ్యి తవ్వినోడికి అది మామూలు రాయే గదా," అన్నాడు. టోపీ సర్దుకుని, "అడుగుదామంటే ఆ అవతలూరి ముసిల్ది మాతో మూడేల్ల నుంచి మాటాడ్డం నేదు. గట్టుకాడి పనస సెట్టు ఎవులదని తగువు," అని కూడా చెప్పాడు.

ఆ సాయంత్రం డైరీ తీసి చలికాలపు పేజీ వెతికాను. "ఆలనడగండి" అని నా గుండ్రటి అక్షరాల్లోనే ఉంది. ఆయన చెప్పాడు. నేను విన్నాను. రాసుకున్నాను కూడా, అయితే నాకోసం.

మర్నాడు డైరీని సంచిలో, టిఫిన్ బాక్సు కింద దాచి తీసుకెళ్ళాను. సీనియర్ గారు వచ్చాక ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను. ఆయన చదువుతూ చదువుతూ ఫక్కున నవ్వారు. పెళ్ళిచూపుల వాక్యం దగ్గరికి వచ్చారని అర్థమైంది. తర్వాత పెద్దాయన బెంచీ మీద చెప్పిందంతా చెప్పాను. ఈసారి ఆయన నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, తుడుచుకుంటూనే ఉన్నారు.

"ఎన్ని ఊళ్ళలో అలా నవ్వి ఊరుకున్నారో అమ్మడూ," అన్నారు. "తెలివితక్కువ జనం, సొంత పొలం కూడా చెప్పుకోలేరు అనుకుంటూ కొండ దిగొచ్చేసేవాణ్ణి."

మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

చట్టం పుస్తకం ఆయనకి కంఠతా వచ్చు. పెద్దల మాట రాసుకుంటే సాక్ష్యమే, పూర్వీకుల రాళ్ళూ సాక్ష్యమే, ఆ ఊరి కట్టుబాటుని లెక్కలోకి తీసుకోవాలి కూడా. అన్నీ అందులో ఉన్నాయి. మా ఫారంలోనే వాటికి చోటు లేదు. "అభ్యంతరం పెట్టిద్దాం. గడువుంది. నీ డైరీ పేజీ జిరాక్స్ తీసి జతచెయ్యాలి," అన్నారు.

"సార్, అందులో ఆ లైను..."

"దాని మీద కాగితం ముక్క అడ్డం పెట్టి తీద్దాంలే."

అలాగే తీశాం. కానీ కమిటీ రోజున, కమిటీకి పెద్ద అయిన మా ఆఫీసరు మేడమ్ గారు జిరాక్స్ పక్కనపెట్టి, "అసలు పేజీ చదవమ్మా, నువ్వే రాశావుగా" అన్నారు. నిలబడ్డాను. కాళ్ళు కనిపించకుండా కుర్చీ వెనక నిలబడ్డాను. చదవడం మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో మరిచిపోయి, పెళ్ళిచూపుల వాక్యం కూడా చదివేశాను. గదిలో అందరూ నవ్వారు. మేడమ్ గారూ నవ్వారు. నేను మాత్రం ఆ కుర్చీ వీపు మీది నేతలో ఎన్ని గళ్ళున్నాయో లెక్కపెట్టాను.

బీటు ఆఫీసరు అలవాటు ప్రకారం కాదన్నాడు. "పక్క ఊరంటే చుట్టాలే మేడమ్. నువ్వు నాది చెప్పు, నేను నీది చెప్తానని కుమ్మక్కైపోతారు."

"చుట్టాలే బాబూ. మూడేళ్ళ నుంచి మాటల్లేవు. పనస చెట్టు తగువు," అన్నారు సీనియర్ గారు.

మేడమ్ గారు పెన్ను మూత పెట్టారు. "అయితే ఇంకా మంచిది. వాళ్ళ పద్ధతిలోనే అడగండి. ఆ చెప్పింది కొలవండి. ఫారంలో చోటు లేకపోతే కాగితం అంటించండి."

అవతలి ఊరి ముసలమ్మని అడగడానికి సీనియర్ గారూ నేనూ వెళ్ళాం. ఆమె వాకిట్లో జీడిపిక్కలు ఎండబోస్తోంది. వచ్చిన పని చెబితే తలెత్తకుండానే అంది: "ఆ ముసిలోడికి కావాల్నా? ఆడ్నే వొచ్చి అడగమను."

కొండ దిగి, కొండ ఎక్కి పెద్దాయనకి ఆ మాట చెప్పాం. ఆయన టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "నానెలా అడుగుతాను? నానడిగితే నా మాట దాని నోట్లో ఎట్టినట్టే గదా. ఆ సంగతి దానికి బాగా తెలుసు. కావాలనే అంతంది."

మళ్ళీ కొండ దిగి కొండ ఎక్కాం. సీనియర్ గారి మోకాళ్ళు రెండుసార్లు శబ్దం చేశాయి. మమ్మల్ని చూసి ముసలమ్మ పెద్దగా నవ్వింది. "తిప్పేనేటి? పెద్ద బాబు అలిసిపోనాడు, నీల్లివ్వండే." ఇద్దరికీ నీళ్ళిచ్చాక అసలు సంగతి చెప్పింది. "అడిగేది ఆడు కాదు, నాను కాదు. ఎవులు రాస్తారో ఆలే అడగాల. ఎవులు రాస్తారు?"

సీనియర్ గారు నన్ను చూపించారు. ఆమె నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"ఈ పిల్లా? ఈ పిల్లకి గొంతుందా? గట్టు మీద నిలబడి అడగాల. రెండూల్లకీ ఇనపడాల."

ఆ వారమంతా మా డాబా మీద ప్రాక్టీసు చేశాను. ఒకే వాక్యం. మూడో రోజు అమ్మ మెట్లెక్కి వచ్చి, "ఎవరి మీదే అలా అరుస్తున్నావు? పక్కింటివాళ్ళు అడుగుతున్నారు," అంది. నేను నిజానికి అరవట్లేదనే అనుకుంటున్నాను. అంతకు ముందు నా గొంతు పక్కింటి దాకా వెళ్ళిన సందర్భం లేదు మరి.

గట్టు అడగాల్సిన రోజు పొద్దున్నే రిడ్జి మీదికి చేరాం. ఇటు ఈ ఊరు, అటు ఆ ఊరు. మధ్యలో మూడు రాళ్ళ మీద కుండెడు చోడి అంబలి, పక్కన ఆకు దొప్పలు. గట్టు చెప్పడం పూర్తయ్యాక ఇరుపక్కలవాళ్ళూ ఒకే కుండలోది తాగుతారట. చెప్పినదాంట్లో అబద్ధముంటే ఆ అంబలి గొంతు దిగదని వాళ్ళ నమ్మకం. ముసలమ్మ ఉతికిన చీర కట్టుకుని, కర్ర పట్టుకుని, మా వైపు చూడకుండా నిలబడింది.

నేను గట్టు మీద నిలబడి అడిగాను. "ఈ ఊరి గట్టు ఎక్కడి దాకా?"

"ఏటీ? ఇనపడనేదు."

మళ్ళీ అడిగాను.

"నాకిక్కడే ఇనపడనేదు, ఆ కిందోలకి ఏటినబడతాది?"

బీటు ఆఫీసరుకి నా మీద జాలేసినట్టుంది. "ఉండండి, నేనడుగుతాను," అని ముందుకొచ్చాడు.

"నువ్వు రాస్తావేటి? రాయవు గదా. కూకో," అంది ముసలమ్మ. అతను కూర్చున్నాడు. ఒక మాటకి ఎదురు చెప్పకుండా అతను కూర్చోవడం నేను చూసింది అప్పుడే.

కళ్ళు మూసుకున్నాను. బెంచీ మీద పెద్దాయన ముఖం, "ఎవులు రాసేరు" అన్న మాట గుర్తొచ్చాయి. అరిచాను. ఎదుటి లోయలోంచి పిట్టలు లేచాయి. నా వాక్యం కొండకి తగిలి తిరిగొచ్చింది. నా గొంతు అలా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. రెండు ఊళ్ళవాళ్ళూ చప్పట్లు కొట్టారు, సర్వేయరు ఫోను జేబులో పెట్టేశాడు.

"ఆ, ఇనబడింది," అని ముసలమ్మ కర్ర ముందుకేసింది.

ఆమె నడుస్తోంది, వెనక సర్వేయరు మిషనుతో, నేను పుస్తకంతో, ఆ వెనక రెండు ఊళ్ళూ. పెద్దాయన అందరికన్నా వెనక, చేతులు కట్టుకుని, నోరు మూసుకుని. వంగిన బండ దగ్గర ఆగి, "ఇక్కడ" అంటుంది. ఊట దగ్గర, "ఇక్కడ. దీని నీల్లు ఇద్దరివీ." తన మామని ఎలుగుబంటి పట్టిన చోట ఆగి ఆ కథంతా చెప్పింది, సర్వేయరు అంతసేపూ మిషను ఆపడం కూడా మరిచిపోయాడు. వాలులో నిలబెట్టిన రాళ్ళ వరస దగ్గర మాత్రం గొంతు తగ్గించింది. ఒక్కో రాయినీ చేత్తో తాకుతూ, ఒక్కో పేరు గొణుక్కుంటూ వెళ్ళింది. తగువుపడ్డ ఊరి అమ్మల పేర్లన్నీ ఆమెకి తెలుసు. అన్నీ అయ్యాక, "ఇయ్యన్నీ ఆలయి. రాయి," అంది నాతో. రాశాను. ఆ పేజీలో అక్షరాలు గుండ్రంగా లేవు.

తూర్పు వైపు కొత్తగా చెట్లు కొట్టిన ఒక చెక్క ఉంది. దరఖాస్తులో అదీ ఉంది. ముసలమ్మ దానికి ఇవతలే ఆగిపోయింది. "అది ఆలది కాదు. మొన్నీమధ్య ఈడి అల్లుడు కొట్టేడు. అది అడివే."

అందరూ పెద్దాయన వైపు చూశారు. కాదనడానికి ఆయనకి వీల్లేదు. ఆయన తల దించుకుని, ఔనన్నట్టు ఊపాడు. బీటు ఆఫీసరు వేరుశనక్కాయ వలవబోతున్న చెయ్యి ఆపి, ముసలమ్మనే చూస్తూ నిలబడిపోయాడు. ఆ తర్వాత ఆ రోజు అతను దేన్నీ కాదనలేదు.

చివరికి పనస చెట్టు దగ్గరికి వచ్చాం. మొదలు నుంచీ కాయలు వేలాడుతున్నాయి, వాసన దూరం నుంచే వస్తోంది. ముసలమ్మ చెట్టుకి చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంది. ఆమె కోడలు, మనవరాళ్ళు, వాళ్ళ ఊరంతా ఆమె నోటివైపే చూస్తున్నారు. నేను పెన్ను రాస్తుందో లేదోనని అరచేతి మీద గీసి చూసుకున్నాను.

"గట్టు సెట్టుకి మా వైపుగా పోతాది," అంది. "సెట్టు ఆల నేలలోనే ఉంది."

"అత్తా!" అంది కోడలు.

"ఏటి అత్తా? నాకు కల్లు పోనాయనుకున్నావా? గట్టు ఎక్కడుందో అక్కడే సెప్తాను గాని, కాయ ఉన్నకాడికి జరుపుతానేటి?"

అప్పుడు పెద్దాయన వెనకనుంచి ముందుకొచ్చాడు. టోపీ తీశాడు. పొద్దుట్నుంచీ అదే ఆయన మొదటి మాట. "మా గట్టు గురించి ఆవిడ సెప్పేసింది. ఇప్పుడు ఆల సంగతి నాను సెప్పొచ్చు. నేల మాదే. అయితే ఈ సెట్టు మొక్కగా ఉన్నప్పుడు కడవల్తో నీల్లు మోసింది ఆల అత్త. మా అమ్మ సెప్పింది నాకు. నేల మాది, కాయ ఆలది. సెట్టు ఉన్నన్నాల్లూ అంతే. రాయమ్మా."

నేను ఉండబట్టలేకపోయాను. "ఇద్దరికీ తెలుసు కదా తాతా! మరి మూడేళ్ళు ఎందుకు తగువుపడ్డారు?"

"నాది నానెలా సెప్పుకుంతాను? అదెలా సెప్పుకుంతాది? అడిగినోలు నేరు గదా," అన్నాడు.

ముసలమ్మ మూతి తిప్పింది. "మూడేల్లూ కాయలు మీరే తినేసేరు. అది కూడా రాయమ్మా."

అంబలి దొప్ప ముందుగా అందుకున్నది బీటు ఆఫీసరు. నేల ఒకరిది, కాయ ఒకరిది అన్న ముక్క ఏ కాలమ్‌లో రాయాలో మాకు తెలియలేదు. కాగితం అంటించాం. ఆ ఫైలు ఇప్పుడు చూసినా ఉత్తరాలు దాచుకున్న పుస్తకంలా పక్కలకి ఉబ్బి ఉంటుంది.

సీనియర్ గారు మిగిలిన సర్వీసంతా పాత కట్టలు విప్పడానికే వాడుకున్నారు. "చెప్పలేకపోయారు" అని ఉన్న ఫైళ్ళన్నీ బయటికి తీయించి, ఆ ఊళ్ళకి మళ్ళీ వెళ్ళారు. ఒక ఊళ్ళో గట్టు పాట పాడి చెబుతారట, ఇంకో చోట పెళ్ళయి వెళ్ళిన ఆడపడుచే వచ్చి చెప్పాలట. అన్నీ బాగుపడలేదు. కొన్నిచోట్ల చెప్పాల్సినవాళ్ళు అప్పటికే చనిపోయారు. ఆ ఫైళ్ళని ఆయన నాచేత కట్టించలేదు, తనే కట్టుకున్నారు.

కాబట్టి, ఫోన్ చేసి అడిగిన చెల్లీ, హద్దుల కాలమ్‌లో ఏం రాయాలో నేను చెప్పలేను. రాసేముందు ఇక్కడ ఎవరు చెప్పాలి, ఎవరు అడగాలి అని ఒకసారి కనుక్కో. "చెప్పలేకపోయారు" అని రాయబోతే పెన్ను పక్కన పెట్టి మంచినీళ్ళు తాగిరా. డైరీ రాసే అలవాటుంటే మానుకోకు. దాన్ని ఇంట్లోనే వదిలెయ్యకు కూడా.

పట్టాలిచ్చింది వానలు మొదలయ్యాక, నర్సీపట్నంలోనే, మా మీటింగు హాల్లో. వరసగా పేర్లు పిలుస్తున్నారు. పెద్దాయన ఊరి వంతు వచ్చింది. ఆయన టోపీతో వేదిక మీదికి వెళ్ళాడు. మేడమ్ గారు పటం మీద గీతలు వేలితో చూపించి, మైకులో, "సరిగ్గా ఉన్నాయా పెద్దాయనా హద్దులు?" అనబోయి ఆగారు. హాల్లో కలియజూశారు. చివరి వరసలో, ఒళ్ళో పెద్ద పనసకాయ పెట్టుకుని ముసలమ్మ కూర్చుని ఉంది. మేడమ్ గారు నన్ను పిలిచి మైకు నా చేతికిచ్చారు.

నాకు మైకు అవసరం పడలేదు. అడిగాను.

"ఆ, ఇనబడింది," అంది ముసలమ్మ ఆ చివర నుంచి. "సరిగ్గానే ఉన్నాయి. తీస్కోమను."

అప్పుడు పెద్దాయన చెయ్యి చాపి ఆ కాగితం తీసుకున్నాడు.